తొలి గుక్క

"ఏజెంటుగారూ, ఒక్క నిమిషం వినండి... పిల్లది, ఏదో చదువుకున్న పొగరులో అనేసింది... అలో? అలో?"

మా ఆయన నాచిముత్తు ఫోను చెవికి ఆనించుకుని వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. అవతలి మనిషి ఎప్పుడో పెట్టేశాడు. సోమవారం నుంచీ ఇదే వరస. మా బోరు బండికి పనులు చూపించే ధర్మపురి ఏజెంటు గోవిందన్ పది మాటలు వింటాడు, ఒక మాట అంటాడు, పెట్టేస్తాడు. ఈయన ఆ మూగ ఫోనుకి ఇంకో పది మాటలు చెప్తాడు.

"ఏమన్నాడు?" అన్నాను వంటింటి గుమ్మంలోంచి.

"ఇంక మీ బండికి నా దగ్గర బోరు పాయింట్లు లేవు, ఏదైనా ఉంటే మీ అమ్మాయినే అడుగు అన్నాడు."

ఆ అమ్మాయి గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. తిరుచెంగోడులో బోరు బండ్లున్న ఇళ్ళకి లెక్క లేదు. ఏ ఇంటి పిల్లా చెయ్యని పని మా యాళిని చేసింది. ఆదివారం నాడు బండితో పాటు ధర్మపురి పక్క పల్లెకి వెళ్ళి, రాడ్డు ఆరువందల అడుగుల లోతులో ఉండగా, డ్రిల్లర్ మాదేశన్ చేత ఇంజను ఆపించింది. "అయ్యా, ఇంక కింద అంతా గట్టి రాయే. వెయ్యి దాకా దించినా దుమ్మే వస్తుంది. మా బండిని పంపించెయ్యండి" అని రైతుతో చెప్పింది. రైతు దండం పెట్టాడట. ఏజెంటు నెత్తి కొట్టుకున్నాడట. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి మా బండి సగం పనిలో తిరిగొచ్చింది.

అడుగుకింత అని కూలి తీసుకునే వ్యాపారం మాది. నీళ్ళు పడినా అడుగే, పడకపోయినా అడుగే. ఆ అడుగుల మీదే ఈ ఇల్లు లేచింది, ఆ అడుగుల మీదే అది భూగర్భశాస్త్రం చదివొచ్చింది. వచ్చి ఇప్పుడు ఇంజను ఆపమంటోంది.

"అమ్మణీ, బయటికి రా!" అని తలుపు బాదాడు మా ఆయన. "అన్నానికి కాకపోతే తిట్లు తినడానికైనా రా!"

తలుపు తెరుచుకుంది. యాళిని వచ్చి తాత పక్కన చాప మీద కూర్చుంది. మా మావయ్య కరుప్పణ్ణ గౌండరుకి ఎనభై నాలుగేళ్ళు. ఇంట్లో పిడుగు పడినా ఆయన ముద్ద ఆగదు. నేను నలుగురికీ రాగి సంకటీ ఉలవపప్పూ వడ్డించాను.

"నేను అబద్ధం చెప్పానా నాన్నా?"

"నిన్నెవరు నిజం చెప్పమన్నారు? ఆయన అడిగాడా?"

"అడిగాడు. 'పాపా, నీళ్ళు పడతాయా' అని అడిగాడు."

"అడిగితే 'దేవుడి దయ' అనాలి. ముప్ఫై ఏళ్ళుగా నేనదే అంటున్నాను. దేవుడూ ఏమీ అనుకోలేదు, రైతూ ఏమీ అనుకోలేదు."

"రైతు అనుకోలేదని మీకెలా తెలుసు? బండి తిప్పుకొచ్చేశాక ఎప్పుడైనా వెనక్కి వెళ్ళి అడిగారా?"

నేను పప్పు గరిటె గిన్నెలో ఠపీమని వేశాను. "తినేటప్పుడు కాస్త నోళ్ళు వేరే పనికి వాడండి ఇద్దరూ."

ఎవరూ వినలేదు. ఈ ఇంట్లో నా మాట అంటే గోడగడియారం గంట లాంటిది. కొట్టిందని అందరికీ తెలుసు, తల మాత్రం ఎవరూ ఎత్తరు.

"తవ్వొద్దని చెప్పడానికి బోరు బండి ఎందుకే?" అన్నాడు మా ఆయన. "పెళ్ళి వద్దని చెప్పే పెళ్ళిళ్ళ పేరయ్యని ఎవడైనా పిలుస్తాడా?"

"పిలుస్తారు. చెడ్డ సంబంధం తప్పించినవాణ్ణి రెండోసారి కూడా పిలుస్తారు."

మావయ్య మూతి మీద నవ్వు కదిలింది. అది చూసి మా ఆయనకి ఇంకా మండింది.

"నవ్వు నాన్నా, నవ్వు! నీ పోలికే అది. విను అమ్మణీ. మీ తాత గడ్డపారతో బావులు తవ్వాడు. నీళ్ళు పడేదాకా కూలి ముట్టుకునేవాడు కాదు. ఊళ్ళో దేవుడంత పేరు. ఇంట్లో మేం నలుగురం గంజి తాగాం. ఆయన నీళ్ళు తవ్వాడు, మేం గంజి తాగాం. నేను అడుగులు తవ్వాను, నువ్వు ఎమ్మెస్సీ చదివావు. అర్థమైందా?"

"నిజమే," అన్నాడు మావయ్య, సంకటి ముద్ద పప్పులో ముంచుకుంటూ. "గంజిలో ఉప్పు కూడా ఉండేది కాదు."

ఆయన కొడుకు వైపు మాట్లాడాడో మనవరాలి వైపు మాట్లాడాడో ఎవరికీ తెలియలేదు.

"నాకు తాతలా గంజి తాగాలనీ లేదు, మీలా ఏడాదికి ఎనిమిది నెలలు ఊళ్ళు పట్టుకు తిరగాలనీ లేదు," అంది యాళిని నెమ్మదిగా. "రెండు బండ్లు చాలు నాన్నా. ముందు నేను వెళ్ళి నేల చూస్తాను. పడతాయంటే దించుదాం. పడవంటే వద్దని చెప్పి, చూసినందుకు కూలి తీసుకుందాం. సాయంత్రానికి ఇంటికొద్దాం."

"రెండు చాలా? మీ పెదనాన్న కొడుకు పదకొండు బండ్లు చేశాడు! నేను రెండోది కొన్నదే మూడోది కొనడానికి."

"మూడోది ఎందుకు?"

"నాలుగోది..." అని మొదలుపెట్టి, మా ఆయన ఆగిపోయాడు.

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. నిజానికి నవ్వే సందర్భం కాదది. ఆ రెండో బండి శుక్రవారం ఇంటికి వస్తోంది. దాని నుదుటి మీద పసుపు అక్షరాలతో 'యాళిని' అని రాయించాడు. కొడుకుల్లేని ఇంట్లో బండి ఎవరు నడుపుతారని మా బావగారు వేలప్పన్ నలుగురిలో ఎకసెక్కమాడితే, "సగం ఆడా సగం మగా అయిన దేవుణ్ణి కొండ మీద పెట్టుకుని, మన ఊళ్ళో ఈ మాట అంటావా అన్నా?" అని ఎదురు నిలబడ్డ మనిషి ఈయన. ఆ పిల్లే ఇప్పుడు బండి ఆపుతానంటే ఏం చేస్తాడు?

పైగా కొత్త బండి తొలి బోరు సొంత నేలలోనే వెయ్యాలి. మా వాళ్ళ ఆనవాయితీ అది. అందులో నీళ్ళు పడితే అచ్చొచ్చే బండి అంటారు. పడకపోతే ఆ మాట బండి కంటే ముందుగా ఊళ్ళు తిరిగొస్తుంది, ఏ ఏజెంటూ దాన్ని పిలవడు. అందుకే మా ఆయన బంధువులందర్నీ పిలిచాడు. ఆ గోవిందన్‌ని కూడా తర్వాత కాళ్ళావేళ్ళా పడి రావడానికి ఒప్పించాడు. "ఒక్కసారి నా బండి పనితనం చూసి, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు.

"పాయింటు నువ్వే పెట్టు అమ్మణీ," అన్నాడు గొంతు దించి. "నీ చదువు మన నేలకైనా పనికి రానీ."

యాళిని చెయ్యి కడుక్కుంది. "చూశాను నాన్నా. నేల మీద తీగలు పరిచి, నీళ్ళు వెతికే మిషనుతో రెండు రోజులు చూశాను. మన నాలుగెకరాల్లో ఎక్కడా లేవు. ఉన్నవాటిని మీరు వేసిన ఆరు బోర్లే తాగేశాయి."

ఆ మాట నాకూ గుచ్చుకుంది. మా ఇంటికి వారానికి రెండు టాంకర్ల నీళ్ళు కొంటాం. బోరు బండ్ల వాళ్ళింటికి టాంకరు రావడం ఊరికి వినోదం. టాంకరు తోలేవాడు సందు మొదటి నుంచే హారను కొట్టుకుంటూ వస్తాడు. వాణ్ణి ఎన్నిసార్లు తిట్టానో!

మా ఆయన లేచాడు. పూజగదిలోకి వెళ్ళి మావయ్య గడ్డపార తెచ్చాడు. ఏటా ఆయుధపూజకి కుంకుమ బొట్లు పెట్టే గడ్డపార అది.

"దీని మీద ఒట్టు. శుక్రవారం నేను చూపించిన చోట బండి దింపుతా. నీళ్ళు పడితే నువ్వు నోరు మూసుకుని, నేను చెప్పిన పాయింటుకల్లా బండితో వెళ్ళాలి. 'దేవుడి దయ' తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. పడకపోతే రెండు బండ్ల తాళాలూ నీ చేతిలో పెడతా. నువ్వు వద్దన్న చోట రాడ్డు దిగదు."

"ఏవండీ!" అన్నాను. "ఇంటి ఆడపిల్లతో పందెమేంటి?"

"నువ్వాగు పూంగొడీ."

యాళిని గడ్డపార మీద చెయ్యి వేసింది. "సరే నాన్నా."

మావయ్య ఒక్కడే కంచం నాకి శుభ్రం చేసుకుని, "మజ్జిగ పొయ్యమ్మా" అన్నాడు.

గురువారం ఇంట్లో మాటలు లేవు. తండ్రీ కూతుళ్ళు నన్ను మధ్యలో పెట్టి వార్తలు పంపుకున్నారు. "మీ అమ్మాయిని కొత్త చీర కట్టుకోమను." "మీ ఆయన్ని బీపీ మాత్ర వేసుకోమను." వంటింటి నుంచి వరండాకీ వరండా నుంచి గదికీ తిరిగి తిరిగి నా మోకాళ్ళు పట్టేశాయి.

మధ్యాహ్నం యాళిని తలకి నూనె రాస్తూ కూర్చున్నాను. ఇంత జుట్టూ దానికి వాళ్ళ నాన్నమ్మ ఇచ్చింది, ఇంత మొండితనం ఎవరిచ్చారో.

"ఆయన మాట వింటే నీ సొమ్మేం పోతుందే?" అన్నాను.

"ఆ రైతు మొహం చూసి ఉంటే నువ్వీ మాట అనవు. పెళ్ళాం మెడలో పసుపుతాడే ఉందమ్మా. రాడ్డు దిగినప్పుడల్లా ఇద్దరూ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుంటున్నారు. నాన్న మనిషి మంచివాడే. కానీ అటు చూడడు. అడుగుల మీటరే చూస్తాడు."

"అటు చూస్తే ఇటు మన పొయ్యి వెలగదని."

"వెలుగుతుంది. కాస్త సన్నగా వెలుగుతుంది, అంతే."

దానికేం తెలుసు! సన్నగా వెలిగే పొయ్యి ముందు కూర్చున్నది నేను. కానీ ఆ మాట పైకి అనలేదు. అది నా చేతుల్లోంచి తల తిప్పి, "నీకేం కావాలమ్మా?" అంది.

ఇరవై ఆరేళ్ళ కాపురంలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. డీజిలు ఎప్పుడు పంపాలో, కూలీలకి బియ్యం ఎంత కట్టాలో అడిగారు. నాకేం కావాలో ఆలోచించి పెట్టుకోలేదు కూడా.

"శనివారం పొద్దున మీరిద్దరూ నా ముందు మాట్లాడుకుంటే చాలు," అన్నాను.

అది నవ్వింది. "నాన్న అన్నేసి నెలలు ఊళ్ళు తిరిగేవాడు కదా, ఫోన్లో నీతో ఏం మాట్లాడేవాడు?"

"నీళ్ళ గురించే. బోరు పడగానే తొలి గుక్క ఈయనే తాగాలి. రైతుకంటే ముందు. ఇవాళ ఉప్పన పూంగొడీ, ఇవాళ ఇనుము వాసన, ఇవాళ కొబ్బరినీళ్ళే అనుకో... అంతే. అన్నం తిన్నావా అని ఒక్కరోజు అడగలేదు. ఏ రాయిలోంచి వచ్చిందో గుక్కతో చెప్పేస్తాడు."

"అదొక్కటే నాకు నాన్నలో నచ్చేది," అంది యాళిని. "నా మిషను కూడా అంత కచ్చితంగా చెప్పదు."

శుక్రవారం తెల్లారేసరికి కొత్త బండి పెరట్లో నిలబడింది. మామిడాకులు, బంతిపూల దండలు, చక్రాల కింద నిమ్మకాయలు. మా ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నేలంతా తిరిగాడు. పెరటి ఈశాన్యం మూల కాయ నిటారుగా లేచిందన్నాడు. అక్కడ గుమ్మడికాయ కొట్టాం. యాళిని కొత్త చీర కట్టుకుని హారతి పట్టింది. తన పేరున్న బండికి తనే బొట్టు పెట్టింది. ఫొటోల్లో ఇద్దరూ నవ్వారు కూడా.

రాడ్డు దిగడం మొదలైంది. తొలి వంద అడుగులు అందరూ కుర్చీలు దగ్గరికి లాక్కుని చూశారు. మూడు వందలకి కాఫీలు తాగారు. ఐదు వందలకి పెళ్ళి సంబంధాలు మాట్లాడుకున్నారు. ఏడు వందలకి మాటలు తగ్గాయి. బోరు నోట్లోంచి తెల్లటి రాతిపొడి తప్ప ఏమీ రావడం లేదు. చెట్లు, కుర్చీలు, పందిట్లో అరిటాకులు, అన్నిటి మీదా పిండి జల్లినట్టు పడింది.

మావయ్య ఒక చిటికెడు పొడి వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. చేతులు దులుపుకుని, భోజనాలు ఎప్పుడని నన్నడిగాడు.

"ఏం తమ్ముడూ," అన్నాడు మా బావగారు వేలప్పన్, తువ్వాలుతో ముక్కు మూసుకుని, "బండి పేరు మార్చాల్సిందేమో. ఆడపిల్ల పేరు పెడితే అలిగి లోపలే కూర్చున్నట్టుంది!"

నలుగురు నవ్వారు. ఏజెంటు గోవిందన్ నవ్వలేదు, గడియారం చూసుకున్నాడు. అదే ఎక్కువ భయపెట్టింది.

తొమ్మిది వందల అడుగులు. అప్పుడు చూశాను మా ఆయన్ని. తెల్ల పంచె, తెల్ల చొక్కా, జుట్టూ మీసమూ కూడా తెల్లగా, ఆ దుమ్ములో ఒక్కడే నిలబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. దేవుడి దయ, దేవుడి దయ అనుకుంటున్నాడని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు పరాయివాళ్ళ పొలాల్లో అలవాటుగా అన్న మాట ఆ రోజు నిజంగా అంటున్నాడు.

యాళిని వైపు చూశాను. అది గెలుస్తోంది. కానీ దాని మొహంలో గెలుపు లేదు. తండ్రి దగ్గరికి వెళ్ళబోయి, రెండుసార్లు ఆగిపోయింది.

వెధవ పందెం! ఒకళ్ళు ఓడితే ఇంకొకళ్ళు ఎలా బతుకుతారో ఇద్దరూ ఆలోచించలేదు. ఎప్పట్లాగే ఆ ఆలోచన నాకు వదిలేశారు.

"భోజనాలు!" అని అరిచాను. "అందరూ పందిట్లోకి రండి. ఇంజను కాస్త చల్లారుతుంది."

పందిరి ఇంటికి ముందువైపు. పెరడు ఖాళీ అయ్యింది. మా ఆయన రానన్నాడు. "ఏజెంటుగారి పక్కన మీరు కూర్చోకపోతే ఆయనేమనుకుంటాడు?" అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి కూర్చోబెట్టి, వడ్డన యాళినికి అప్పగించి వెనక్కి వచ్చాను.

వంటకని తెప్పించిన టాంకరు పెరటి గోడ పక్కనే ఉంది. పన్నెండు వేల లీటర్లది, ముప్పాతిక పైనే నిండుగా. తోలేవాడు భోజనానికి వెళ్ళాడు. డ్రిల్లర్ మాదేశన్ బండి నీడలో కూర్చుని బీడీ ముట్టిస్తున్నాడు.

"మాదేశా, ఆ గొట్టం బోరు నోట్లో పెట్టు."

అతను నా వైపు చూశాడు. టాంకరు వైపు చూశాడు. బీడీ ఆర్పేశాడు. "అక్కా! అన్నకి తెలిస్తే?"

"తెలిస్తే నా పేరు చెప్పు. తెలియకపోతే రేపటి నుంచి నీ బండికి పని. పొడి బోరు వేసిన బండి మీద నిన్నెవడు పిలుస్తాడు?"

అతను లేచి పంచె ఎగ్గట్టాడు. "నాకూ ఇద్దరు పిల్లలున్నారు. కొండమీది స్వామి సాక్షిగా నేను చూడలేదు, మీరు చెప్పలేదు."

గొట్టం చప్పుడు వినబడకుండా నేను పెరటి అరుగు మీద ఇత్తడి గిన్నెలన్నీ వేసి తోమాను. శుభకార్యం రోజున ఇంటావిడ గిన్నెలు తోముకుంటోందని ఒకావిడ జాలిపడి వెళ్ళింది. పందిట్లోంచి పాయసం, పాయసం అని కేకలు వినబడుతున్నాయి. నీళ్ళు లోపలికి దిగుతూనే ఉన్నాయి. చేసేది తప్పని తెలుసు. చెయ్యకుండా ఉండలేనని కూడా తెలుసు.

చేతులు కడుక్కుని జనం వచ్చేసరికి గొట్టం చుట్టేసి ఉంది. మాదేశన్ ఇంజను వేశాడు. బోరులోకి గాలి కొట్టే కంప్రెసర్ బండి గర్రుమంది. ఒక నిమిషం ఏమీ లేదు. మరుక్షణం బోరు నోట్లోంచి తెల్లటి బురద చిమ్మింది. దాని వెనకే నీళ్ళు. ఇంటి ఎత్తుకి లేచాయి.

ఊరంతా అరిచినట్టయింది. ఈలలు, టపాకాయలు. మా బావగారు తువ్వాలు గాల్లోకి విసిరాడు. మా ఆయన ఆ నీళ్ళ కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. పంచె ఒంటికి అతుక్కుపోయింది, మీసాల మీంచి తెల్లటి నీళ్ళు కారుతున్నాయి. "అమ్మణీ!" అని అరుస్తున్నాడు. "అమ్మణీ, చూడు! మన నేల మోసం చెయ్యలేదు!"

ఏడుస్తున్నాడు ఆయన. వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

గోవిందన్ వచ్చి భుజం తట్టాడు. "గౌండరూ, ఇది బండి! సోమవారం నుంచి నాలుగు పాయింట్లు రాసుకో."

నాకు ఊపిరి వచ్చింది. ఆ ఊపిరి ఎంతోసేపు నిలవలేదు.

యాళిని బోరు దగ్గరికి వెళ్ళింది. దోసిట్లో నీళ్ళు పట్టుకుని వాసన చూసింది. వంగి కేసింగు పైపు అంచు తడిమింది. తర్వాత టాంకరు వైపు చూసింది. చుట్టిపెట్టిన గొట్టం కొసన ఇంకా చుక్కలు రాలుతున్నాయి. అక్కడి నుంచి తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, టాంకర్లో నీళ్ళు ఎన్ని మిగిలాయి?"

"ఏం మిగులుతాయి? వంటకి సరిపోయాయి."

"పన్నెండు వేల లీటర్ల పాయసమా?"

"నెమ్మది!"

"బ్లీచింగ్ పౌడర్ వాసన వస్తోందమ్మా. ఇందాక పాయసంలో వచ్చిన వాసనే. ఈ భూమిలో ఏ రాతిలోనూ ఆ పౌడర్ ఉండదు. నన్ను ఓడించడానికి చేశావా?"

"నిన్ను కాదే! ఆయన్ని నిలబెట్టడానికి చేశాను. ఒక్కసారి ఆ మొహం చూడు. చూసి, వెళ్ళి చెప్పు, ధైర్యముంటే!"

అది తిరిగి చూసింది. వాళ్ళ నాన్న ఎవరో ముసలాయన్ని పట్టుకుని, బండి నుదుటి మీద పేరు చూపిస్తున్నాడు. "నా కూతురి పేరు. యాళిని. నా కూతురు!" అంటున్నాడు. యాళిని చాలాసేపు అటే చూసింది. తర్వాత చీర చెంగుతో దోసిలి తుడుచుకుంది.

"సోమవారం నాలుగు పాయింట్లట," అంది. "అక్కడ నాలుగు కొంపలున్నాయి. ఆ నలుగురికీ 'దేవుడి దయ' అని చెప్పమంటావు. చెప్తాను. ఒట్టు ఒట్టే కదా. కానీ నీ వైపు మాత్రం ఇంకెప్పుడూ..."

మాట పూర్తి చెయ్యలేదు. పూర్తి చేసి తిట్టినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే మా ఆయన గొంతు వినబడింది. "పూంగొడీ! చెంబు తేవే! తొలి గుక్క!"



ఇరవై ఆరేళ్ళు ఫోన్లో విన్నది, నిన్న మధ్యాహ్నం నా నోటితో నేనే చెప్పింది, నీళ్ళు పోయిస్తున్నప్పుడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు. జనం కళ్ళు కప్పాలనుకున్నాను. ఈయన నాలుక సంగతి మర్చిపోయాను.

"వంట పాత్రలన్నీ ఎంగిలివి, తర్వాత తాగుదురుగాని..." అన్నాను.

"అదిగో, అరుగు మీద తళతళలాడుతున్నాయిగా. నువ్వే తోమావట!"

నేనే తోమాను. నా చేతులతో ఇత్తడి చెంబు తీసుకున్నాను. ఇంటి ఎత్తుకి లేచిన నీళ్ళు అప్పటికే నడుము ఎత్తుకి దిగాయి. మాదేశన్ నా కళ్ళలోకి చూడకుండా ఇంజను మీటలు సర్దుకుంటున్నాడు. చెంబు నింపాను. అక్కడి నుంచి ఆయన దగ్గరికి పది అడుగులు కూడా ఉండవు. యాళిని నా పక్కన నడిచింది. ఒక క్షణం దాని చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది. చెంబు నేలపాలు చేసి నన్ను తప్పించాలనుకుందో, పడిపోకుండా పట్టుకుందో తెలియదు.

ఆయన చెంబు రెండు చేతులా అందుకున్నాడు. కొండ వైపు తిరిగి కళ్ళకద్దుకున్నాడు. మావయ్య కర్ర పట్టుకుని దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

మా ఆయన ఒక గుక్క నోట్లోకి తీసుకున్నాడు. అలవాటుగా కళ్ళు మూసుకుని నాలుక మీద తిప్పాడు.

కళ్ళు తెరిచాడు.

ముందు టాంకరు వైపు చూశాడు. తర్వాత బోరు వైపు. నీళ్ళు మోకాలెత్తుకి దిగిపోయాయి. తర్వాత నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. చివరికి కూతురి వైపు చూశాడు. దాని కళ్ళనిండా నీళ్ళున్నాయి. అది తల అడ్డంగా ఆడిస్తోంది. వద్దు నాన్నా, చెప్పకండి, అన్నట్టు.

గుక్క ఇంకా ఆయన నోట్లోనే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు.

"ఏం తమ్ముడూ!" అన్నాడు వేలప్పన్, జనాన్ని తోసుకుని ముందుకొస్తూ. "ఏజెంటుగారు కూడా వింటున్నారు. చెప్పు. ఎలా ఉన్నాయి మన నేల నీళ్ళు?"